నమ్రత రాడ్

డిసెంబరు కదా, ఐదింటికే చీకటి పడిపోయింది. రిజర్వాయర్ గట్టు మీద చక్రపాణి ఒక్కడే రెండు గాలం రాడ్లు నిలబెట్టుకుని వాల్ఐ అనే చేపల కోసం కూర్చున్నాడు. రెండోది భార్య నమ్రతది. ఆమె పోయాక దాని లైను తీసేశాడు గానీ, ఆమె తన కాలి పట్టీ నుంచి ఊడదీసి రాడ్ కొసన కట్టిన మువ్వను తీయడానికి చెయ్యి రాలేదు.

"అది మోగిందంటే గట్టిగా పట్టుకోండి. వదిలేస్తే మళ్లీ దొరకదు," అనేది.

పోయిన డిసెంబరులో ఆమె ఈ గట్టు బండ మీదే జారింది. అతను చెయ్యి అందుకున్నాడు కూడా. కానీ సేల్‌లో ఇద్దరికీ ఒకే సైజు గ్లవ్స్ కొన్నది అతనే. అవి ఆమెకి వదులు. ఆమె నీళ్లలోకి వెళ్లిపోయింది, గ్లవ్ అతని చేతిలో మిగిలింది.

గాలి పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు మువ్వ మోగింది.

టార్చ్ వేసి చూశాడు. లైను లేని ఆ రాడ్ నీళ్ల వైపు వంగుతోంది. ఎవరో చెయ్యి ఇమ్మన్నట్టు ఆగి ఆగి లాగుతోంది.

చక్రపాణి తన గ్లవ్స్ రెండూ తీసి పక్కన పడేశాడు. ఒట్టి చేతులతో రాడ్ పట్టుకున్నాడు.

"పట్టుకున్నాను నమ్రతా," అన్నాడు. "ఈసారి వదలను."