ఆలస్యంగా వచ్చే కాగితాలు

"పెళ్ళి సర్టిఫికెట్‌కి ప్రింటు ఇస్తే, అది బయటికొచ్చేలోపు ఆ జంటకి పిల్లలు కూడా పుట్టేస్తారు" అంది సుహాద్ మేడమ్, కాపియర్ పక్కన నిలబడి. "చూడమ్మాయ్, గురువారంలోగా దీన్ని బాగుచేశావా సరేసరి. లేదంటే ఆదివారం నుంచి రానక్కర్లేదు."

నుహా తలూపింది. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని ఆ అనువాదాల ఆఫీసులో ఆమె ప్రొబేషన్ గురువారంతో ముగుస్తుంది; శుక్ర, శనివారాలు అక్కడ సెలవు. వాళ్ళింట్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. ఈ ఉద్యోగం పోతే, ఆడపిల్లకి కంప్యూటర్ చదువెందుకన్న బంధువులంతా నెగ్గినట్టే.

కేబుల్ మార్చింది. అన్ని కంప్యూటర్లలోనూ ప్రింటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కొత్తది వేసింది. లాభం లేకపోయింది. చివరికి పాస్‌వర్డ్ కొట్టి మెషిన్ లోపలి సెట్టింగులు తెరిస్తే, అక్కడ దొరికింది జబ్బు. నెట్‌వర్క్ వేగాన్ని ఎవరో అట్టడుగుకు దించేశారు. సరిచేయగానే కాగితాలు టపటపా వచ్చి పడ్డాయి.

మర్నాడు పొద్దున చూస్తే మళ్ళీ నత్తనడక. వేగం మళ్ళీ అట్టడుగున ఉంది. సరిచేసింది. ఆ మర్నాడూ అదే వరస.

"ఈ పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసక్కా?" అని టైపిస్టు లమీస్‌ను అడిగింది.

"ఓనర్లిద్దరికీ, ఇప్పుడు నీకూ. నన్నడిగితే నువ్వే చేస్తున్నావంటాను."

"నా కడుపు నేనే కొట్టుకుంటానా?"

"మరి మేడమా? పొద్దున లేస్తే దాన్ని తిట్టిపోసేదే ఆవిడ. మిగిలింది ఎవరో నువ్వే చూసుకో."

మిగిలింది మేడమ్ తమ్ముడు, రెండో ఓనర్ ఘాలెబ్. తల్లి పోయాక ఇంటి పంపకాల దగ్గర అక్కాతమ్ముళ్ళకు మాటపట్టింపు వచ్చింది. అప్పట్నుంచీ ఆఫీసులో ఎవరి గది వారిది. ఫైళ్ళు కూడా లమీస్ చేతుల మీదుగానే ఇటూ అటూ తిరుగుతాయి. కాపియర్ మాత్రం రెండు గదుల మధ్య కారిడార్‌లో ఉంది.

నుహా గమనించసాగింది. ప్రింట్లు ఆలస్యమైనప్పుడు ఇద్దరూ అక్కడ నిలబడక తప్పేది కాదు.

"షుగర్ మాత్ర వేసుకున్నావా?" అనేది సుహాద్, గోడకేసి చూస్తూ.

"వేసుకున్నాన్లే."

"అబద్ధం."

"నా మొహం చూడకుండానే చెప్పేస్తున్నావే."

"నీ గొంతు చాల్లేరా."

మెషిన్ బాగున్న పూట మాత్రం, ఎవరి కాగితాలు వాళ్ళు లాక్కుని తలుపులు వేసుకునేవారు.

గురువారం మధ్యాహ్నం నుహా ఘాలెబ్ గదిలోకి వెళ్ళింది.

"దాన్ని బాగుచెయ్యడం నాకు నిమిషం పని సార్. కానీ బాగుచేసిన పూట మీరూ మేడమూ ఒక్క మాటైనా అనుకోవడం లేదు. నన్నేం చెయ్యమంటారో మీరే చెప్పండి."

ఘాలెబ్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"నువ్వూ చూశావన్నమాట" అన్నాడు. "అక్కడ నిలబడ్డంతసేపే అమ్మా, నాకు అక్క ఉన్నట్టుంటుంది. ఆ మెషిన్‌ని అలాగే ఏడవనీ."

"మరి నా ఉద్యోగం సార్?"

"అక్క అరుస్తుంది. అరవనీ, నేను పడతాను. ఇవాళ్టితో నీ ప్రొబేషన్ అయిపోయింది. ఆదివారం మామూలుగా వచ్చెయ్."

వారమంతా బిగబట్టిన ఊపిరి నుహా అప్పుడు వదిలింది. గుమ్మం దాకా వెళ్ళి, మనసు తేలికై, నవ్వుతూ వెనక్కి తిరిగింది.

"ఇకమీదట పొద్దున్నే వచ్చి మీరు ఆ సెట్టింగు మార్చక్కర్లేదు సార్. నేను దాని జోలికి పోను."

ఘాలెబ్ తెల్లబోయాడు.

"నాకు దాన్ని ఆన్ చెయ్యడమే రాదమ్మా."