అక్క పుట్టినరోజు

"ఆ బెండు ఇలా ఇచ్చెయ్ పెద్దమ్మా" అన్నాడు చాంగ్‌బే రెండు చేతులూ చాపి.

దోక్‌సున్ ఇవ్వలేదు. నారింజరంగు బెండునీ, దాని కింద వేలాడే వలనీ చంకలో ఇంకాస్త బిగించింది.

జెజు దీవిలో ఆ ఒడ్డున ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి గుల్లలు తీసేది ఆడవాళ్లే. కిందటేడు ఒక ముసలామె మునిగి మళ్లీ తేలలేదు. అప్పుడే జాలరి సంఘం కట్టుబాటు పెట్టింది, ఎనభై నిండితే నీళ్లలోకి దిగరాదని. చాంగ్‌బే ఆ సంఘానికి పెద్ద. ఇవాళ దోక్‌సున్ ఎనభయ్యో పుట్టినరోజు. అందుకే ఆడవాళ్లు బట్టలు మార్చుకునే రాతి దడి లోపల సన్మానం పెట్టారు. పూలదండ, బియ్యపు రొట్టెలు, వీపు పిసికే కరెంటు కుర్చీ.

"కూర్చుని చూడు. స్విచ్చి నొక్కితే చాలు, కన్నకొడుకు పిసికినట్టే ఉంటుంది."

"నా కొడుకు ఏనాడు పిసికాడని, నాకు తెలియడానికి?"

అందరూ ఘొల్లున నవ్వారు. నలభై ఏళ్లుగా ఆమె పక్కనే మునిగే మల్‌సుక్ మాత్రం నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

దోక్‌సున్ పొద్దున్నే నాచు చారు కాచుకుంది. బాలింతకి పెట్టే చారు అది. పుట్టినరోజున కన్నతల్లిని తలుచుకుని తాగుతారు. "మూడు రోజులు నొప్పులే. ఏం జరుగుతోందో తెలీక తలుపుచెక్క కొరికానే" అని అమ్మ ఏటా చెప్పేది. గిన్నె ముందు కూర్చుని దోక్‌సున్ తన ఎనభై ఏళ్లూ నెమరేసుకుంది. పదిహేనో ఏట నీళ్లలోకి దిగింది. నెలలు నిండినా మునిగింది. మొగుడు పోయిన నెలకే మునిగింది, నీళ్లలో ఏడిస్తే ఎవరికీ కనపడదని. నేలమీద మోకాళ్లు సతాయిస్తాయి గానీ, నీళ్లలో ఆమెకి వయసే లేదు. ఏనాడూ మాట తప్పలేదు. పిడికెడంత లేని గుల్లని ముట్టలేదు. దొంగతనంగా గుల్లలు తీసిందని సొంత అత్తగారినే సంఘంలో నిలబెట్టింది. అత్త ఏడాదిపాటు మాట్లాడలేదు. ఇంతా చేస్తే, చివరికి మిగిలేది ఒడ్డున కూర్చోవడమేనా? గిన్నె ఎత్తి చారు గటగటా తాగేసి, ఇవాళ్టి నుంచైనా బాగా బతకాలని ఒట్టు పెట్టుకుంది.

"బాగా బతకాలనుకున్నానురా" అంది ఇప్పుడు.

"మేమూ అదే కదా అంటున్నాం! హాయిగా కూర్చో."

"అయితే విను. ఆ కుర్చీ నాది కాదు. ఇవాళ మా అక్క పుట్టినరోజు."

రొట్టె నములుతున్న నోళ్లు ఆగిపోయాయి.

"నీకు అక్కేంటి?"

"రెండేళ్లకే తట్టు పోసి పోయింది. చావు రాయించడానికి కచేరీ దాకా ఎవడు నడుస్తాడులే అన్నాడు మా నాన్న. మరుసటేడు నేను పుడితే ఆ పేరూ, ఆ పుట్టుకా నాకే అంటగట్టాడు. నాకు నిండింది డెబ్బై ఏడే."

చాంగ్‌బే తల గోక్కున్నాడు. ఆ కాలంలో అది ఇంటింటా ఉన్న సంగతే. "మా నాన్ననీ పుట్టిన రెండేళ్లకి గానీ రాయించలేదు" అని గొణిగాడు. "అయినా ఆధారం ఉండాలి పెద్దమ్మా. ఆ పిల్ల సమాధి ఎక్కడ?"

"రెండేళ్ల పిల్లకి సమాధి ఎవరు కడతార్రా?"

"పోనీ, ఎరిగినవాళ్లు?"

మల్‌సుక్ దిగ్గున లేచింది. "దోక్‌సున్ అక్కకన్నా పెద్దవాళ్లు ఊళ్లో మిగిలుంటే కదా ఎరగడానికి! సొంత అత్తనే పట్టిచ్చిన నోరయ్యా అది. ఆ నోటికంటే నీ కచేరీ కాగితం గొప్పదా?"

"అదీ మాట!" అన్నారు ఆడవాళ్లంతా.

చాంగ్‌బే చేతులు దించేశాడు. "సరే, మూడేళ్లు. ఆపైన ఒక్క రోజు కూడా కుదరదు."

"అందాకా కుర్చీకి చెద పట్టకుండా చూసుకో."

నల్లరాళ్ల మీద రబ్బరు తొడుగు సర్దుకుని, బెండు కెరటం మీదికి విసిరి, దోక్‌సున్ తలకిందులుగా దిగిపోయింది. చాంగ్‌బే ఒడ్డున నిలబడి అంకెలు లెక్కపెట్టసాగాడు. ఇరవై. నలభై. అరవై దాటింది. మల్‌సుక్ తనూ ఊపిరి బిగబట్టింది.

నీళ్లు చీల్చుకుని, పొడుగాటి ఈలలాంటి ఊపిరితో దోక్‌సున్ పైకొచ్చింది. ఒక చేతిలో అరచెయ్యంత గుల్ల. రెండో చేతిలో చిన్నది. చిన్నదాన్ని ఒకసారి తేరిపార చూసి మళ్లీ నీళ్లలోకి జారవిడిచింది.

"అబ్బో! డెబ్బై ఏడుకే ఇలా ఉంటే ఎనభైకి ఇంకెలా ఉంటావో!" అని అరిచాడు చాంగ్‌బే. ఒడ్డంతా చప్పట్లు.

దోక్‌సున్ బెండు మీద గడ్డం ఆనించి, గట్టు మీది అమ్మ సమాధికేసి చూసింది.

"ఏమనుకోకే అమ్మా" అని నవ్వింది.

దోక్‌సున్ ఆ తల్లికి తొలిచూలు బిడ్డ.