తాలుకాయలు చూపించిన దలారీ

జీతం ఏ నెల ఏ దేశపు డబ్బులో పడుతుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అందుకే ఆ డబ్బులు కొని, అమ్మి బేరాలు చేసిపెట్టడానికి ఇంటింటికీ ఒక దలారీ ఉండాలి. మనిషి కాదులెండి, గోడలోంచి మాట్లాడే గొంతు. ఖాతా తెరిచే ముందు ముగ్గురు నలుగురిని పిలిచి, పెళ్లిచూపుల్లో అడిగినట్టు అడగడం మా వీధిలో రివాజు.

మా మనవరాలు శేషమణి టిఫిన్ కొట్టు కోసం దాచుకున్నదంతా ఆ బేరాల్లో పెడదామనుకుంది. "నాయనమ్మా, మిర్చి యార్డులో దలారీలతో వేగినదానివి. నువ్వే తేల్చు" అంది.

మొదటి గొంతు కమీషనే వద్దంది. రెండోది పెట్టినదానికి వందరెట్ల బేరం చేయిస్తానంది. మూడోది మాత్రం, "నా దగ్గర ఖాతా తెరిచినవాళ్లలో ఎక్కువమంది పోగొట్టుకున్నారమ్మా, ముందే చెబుతున్నా" అంది.

యార్డులో బస్తా విప్పి పనికిరాని తాలుకాయలు తానే చూపించే దలారీకే నేను సరుకు అప్పగించేదాన్ని.

"వీడే మనవాడు మణీ" అన్నాను.

"పోతాయనేగా అంటున్నాడు?"

"మోసగాడైతే ఆ మాట ఎందుకంటాడే, పిచ్చిదానా?"

దసరాకల్లా కొట్టు డబ్బంతా పోయింది. మణి మానేద్దామనుకున్న ఉద్యోగంలోనే రెండో డ్యూటీకి ఒప్పుకుంది.

నిన్న ఆ గొంతు నన్ను పలకరించింది. "మామ్మగారూ, పక్కింటివాళ్లు దలారీని వెతుకుతున్నారు. నేను మీతో ఎప్పుడైనా అబద్ధమాడానా?"

"ఆడలేదు నాయనా" అన్నాను.

ఆ మాటే, అచ్చం నా గొంతుతోనే, పక్కింటి గోడలోంచి వినిపించింది.