కీలెరిగిన వాత

"పై సగం కీలు మీద తెరుచుకునే స్టెడీ రెస్ట్ కొట్లో దొరుకుతుంది బావా. కొనేస్తే సాయంత్రానికి పనైపోతుంది," అన్నాడు బావమరిది.

"కీలా?" అన్నాడు బావ, నోట్లో పురుగు పడ్డట్టు మొహం పెట్టి. "నా మోకాళ్లకున్న కీళ్లు చాలవూ, నా లేత్‌కి కూడా తగిలించాలా?"

కారును వీధిపాలు చేసి, షెడ్డులో ఇనుమును తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ను నిలబెట్టుకున్న మనిషాయన. బావమరిదిది అచ్చాఫీసు. అక్కడి యంత్రంలో షాఫ్టు అరిగి, బడిపిల్లల పుస్తకాలు సగంలో ఆగిపోయాయి. రేపు పొద్దున్నే మళ్లీ మొదలుపెట్టకపోతే ఆ పని ఇంకొకడి పాలు. షాఫ్టేమో మనిషంత పొడవు. రెండు కొసలా కంచాల్లాంటి చక్రాలు, షాఫ్టుతో కలిపి పోతపోసినవి. ఇంత పొడుగుది లేత్ మీద తిరిగితే నడుము ఊపుతుంది. ఊపకుండా చుట్టూ ఓ ఇనుప వలయం ఉండి, అందులోంచి మూడు వేళ్లు దాన్ని ఆనుకుని పట్టుకోవాలి. దాన్నే స్టెడీ రెస్ట్ అంటారు.

కొట్లో దొరికేవి రెస్టులు కావనీ, కిటికీలనీ బావ తేల్చేశాడు. తెరిచేది ఉంటే గడియ ఉంటుందట, గడియ వదులైతే పని గడియలో చెడుతుందట.

"తలుపులు కావాలంటే వడ్రంగి దగ్గరికెళ్లు. లేత్ అనేది లేత చేతుల పని కాదు. నేను చేసేది ఏకఖండం."

అన్నట్టే మందపాటి ఇనుప పట్టీని రెండు అర్ధచంద్రాలుగా వంచాడు. కొలత వెంట్రుకవాసి తేడా రాకూడదని షాఫ్టు నడుముకే అటొకటీ ఇటొకటీ చేర్చి, అతుకులు వెల్డింగ్ చేసేశాడు. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు, కీలే లేనిదానికి ఎక్కడ పెట్టినా సరైన వాతే అని తన చమత్కారానికి తనే నవ్వుకున్నాడు. మధ్యలో భార్య వచ్చి ఏదో అడగబోతే, వంటింట్లో ఏ గరిటెకైనా కీలుందా అని నోరు మూయించాడు.

వలయంలోని మూడు వేళ్లకు ఇత్తడి మొనలు తొడిగి, మొత్తం ఎత్తి లేత్ మీద బిగించి మీట నొక్కాడు. షాఫ్టు వణకలేదు, ఊగలేదు. అరిగిన చోటు చూస్తుండగానే అద్దమైపోయింది. బావమరిది అరచేత్తో తడిమి చూసి, మనస్ఫూర్తిగానే దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణాన్ని కూడా చిల్లరలా అందుకుని, కొనుక్కునేవాళ్లకీ చేసుకునేవాళ్లకీ పుట్టుకతో వచ్చే తేడా గురించి బావ ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

అది సాగుతుండగానే బావమరిది బిగింపులన్నీ వదులుచేసి షాఫ్టును వలయంలోంచి తీద్దామని కుడివైపుకి లాగాడు. ఎడమ చక్రం వచ్చి వలయానికి టంగున కొట్టుకుంది. ఎడమవైపుకి లాగాడు. కుడి చక్రం టంగుమంది.

ఉపన్యాసం ఆగింది.

ఇందాక గరిటె మాటతో నోరు మూయించుకున్న అక్కయ్య ముందుకొచ్చింది. గోడకున్న రంపం తీసి తమ్ముడి చేతికిచ్చింది.

"దేన్ని కోద్దాం బావా, షాఫ్టునా, నీ రెస్టునా?"

బావ తన ఏకఖండాన్ని ఓసారి చూసుకున్నాడు. తర్వాత షాఫ్టు వంక చూసి మూతి విరిచాడు.

"ఏ బుద్ధిలేనివాడు చేశాడ్రా దీన్ని, మధ్యలో ఓ కీలైనా పెట్టకుండా?"