ద్రోహి వేషం

ద్రోహి వేషానికి ఎవరూ ముందుకు రాలేదు.

"నువ్వెయ్యరా బెకీ, మొహం సరిపోతుంది," అంది జోద్వా.

"ఇంటికెళ్తే మా ఆవిడే టైరు తెస్తుందక్కా!"

నవ్వారు గాని, అది నవ్వే మాట కాదు. పోలీసులకు ఉప్పందించాడని ముద్ర పడితే చాలు, మెడలో టైరు వేసి తగలబెట్టే రోజులవి.

దక్షిణాఫ్రికాలోని డర్బన్ కార్మికుల ఈ సమ్మె నాటకంలో మొదట విలన్ యజమాని ఒక్కడే. తెల్లవాళ్ల ప్రభుత్వం మీద ఉద్యమం ముదిరేకొద్దీ పోలీసు వచ్చి చేరాడు. ఈ ఏడు ఇన్‌ఫార్మరూ వచ్చాడు. రాసిపెట్టిన మాటలుండవు. ఎవరు పడ్డ కష్టం వాళ్లే సొంత మాటల్లో ఆడాలి. బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేస్తూ నాటకం నడిపే జోద్వా పెట్టిన నియమం అదొక్కటే.

"నేను వేస్తానమ్మా," అన్నాడు వెనక బెంచీలోంచి షేజీ. బస్తీకి కొత్తగా వచ్చిన ముసలాయన.

ఆదివారం యూనియన్ హాలు కిటకిటలాడింది. నాటకంలో గుంపు చుట్టుముట్టగానే షేజీ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"నిన్న రాత్రి నేనెక్కడున్నానో మా అమ్మనడగండయ్యా! ఒక్కసారి అడగండి!"

ద్రోహి మీదికి నారింజ తొక్కలు విసరబోయిన ప్రేక్షకుల చేతులు ఆగిపోయాయి.

నాటకం అయ్యాక జోద్వాకు ఒళ్లు మండింది. "ద్రోహి మీద జాలేంటి బాబా? ఆ మాట తీసెయ్."

"అదొక్కటీ ఉంచు తల్లీ. మిగతాదంతా నీ ఇష్టం."

బెకీ ఆమెను పక్కకు లాగాడు.

"ఎవరు పడ్డది వాళ్లే ఆడాలన్నావు కదక్కా. మరి ఈయనకింత బాగా ఎలా వచ్చింది? నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

పొద్దుగూకేలోగా ఆ మాట బస్తీ అంతా చుట్టి వచ్చింది. ఆయన్నే అడుగుదామని ఒక్కరికీ తోచలేదు.

"ఇక రావద్దు బాబా. ప్రాణాలతో పంపిస్తున్నాం, సంతోషించు," అంది జోద్వా.

షేజీ టోపీ తీసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఆ మాట మాత్రం ఎవరైనా అనండమ్మా," అని వెళ్లిపోయాడు.

చలికాలం చివర్లో, సంతాపపు నల్లబట్టల్లో ఒకామె హాలుకు వచ్చింది.

"షేజీ భార్యను. ఆయన పోయారు. ఇక్కడ నాటకంలో ఒక మాట అన్నారట. నాకోసారి వినిపిస్తారా?"

జోద్వా ఆ మాట అంది.

ఆమె కళ్లు మూసుకుని వింది.

"అది మా అబ్బాయి మాట. టైరు వేస్తుంటే అన్నాడు. గుంపును తోసుకుని వెళ్లలేక, వాళ్ల నాన్న వెనక నిలబడి విన్నారు."

భుజం మీది నల్లగుడ్డతో కళ్లొత్తుకుంది.

"ఉప్పందించాడన్న ఆ రాత్రంతా వాడు నా దగ్గరే ఉన్నాడమ్మా. ఎవరూ వచ్చి అడగలేదు."