పది దినాల గడువు

"కాల్చొద్దు సారూ! ఆ కుక్క నన్ను కరిసింది!"

విశ్వాసమ్మ అరుపుకు తుపాకీ ఎత్తినవాడు ఆగిపోయాడు. ముసలామె కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, కుంటుకుంటూ వచ్చి, గోడకు అతుక్కుపోయిన కుక్కకూ తుపాకీకీ నడుమ నిలబడింది. పిక్క మీద నుంచి నెత్తురు కారుతోంది.

మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు విసుగ్గా నుదురు తుడుచుకున్నాడు. పిచ్చికుక్క ఒకటి నలుగురిని కరిచిన నాటి నుంచి ఊళ్ళో వీధికుక్కలన్నిటినీ కాల్చెయ్యమని ఉత్తరువు. మనిషిని కరిచిన కుక్కను మాత్రం కాల్చకూడదు. పది దినాలు కట్టేసి చూడాలి. అది బతికితే ఆ మనిషికి భయం లేదు. చచ్చిందా, రైలెక్కి కూనూరు పోయి సూదులు వేయించుకోవాల్సిందే. అవి ఇంకెక్కడా దొరకవు.

"శాంతయ్యా! దీన్ని నీ దొడ్లో వేసుకో," అని కేకేశాడు ఇన్‌స్పెక్టరు. "పది దినాలు. చస్తే వెంటనే నాకు కబురు."

శాంతయ్య బందెలదొడ్డి కాపలాదారు. పరాయి చేలల్లో పడిన ఎద్దులనూ మేకలనూ కట్టేయడమే తప్ప కుక్కను కాచి ఎరగడు. మెడకు తాడు వేసి లాగితే అది మొరగలేదు, మూలగలేదు. కడుపు నేలకానించి వణుకుతూ వచ్చింది. లోపల ఒక మూలకు పోయి, గోడవైపు ముఖం పెట్టి పడుకుంది. ఎవరు గేటు తెరిచినా ఒళ్ళంతా వణికేది. వీధిలో తుపాకీ పేలిందంటే ఉన్నచోటనే తడిపేసుకునేది.

మొదటిరోజు వేసిన జొన్నరొట్టె ముట్టలేదు. రెండోరోజూ అంతే. మూడోరోజు విశ్వాసమ్మ ముంతలో అంబలి తెచ్చింది.

"కరిసిన దానికి అంబలి పోస్తాండావా అవ్వా?"

"అది బతికితేనే గదప్పా నేను బతికేది," అంటూ ఆమె ముంతను లోపలికి జరిపింది.

అదీ ముట్టలేదు. నాలుగోనాటికి దాని పక్కటెముకలు తేలాయి. ఐదోనాడు శాంతయ్య ఇంకోటి గమనించాడు. తొట్టిలో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉన్నాయి. నీళ్ళకు జడిసిందంటే పిచ్చే అని ఇన్‌స్పెక్టరు ముందే చెప్పి ఉన్నాడు. ఉన్నపళంగా విశ్వాసమ్మ గుడిసెకు పరుగెత్తాడు.

"అవ్వా, అది నీళ్ళు గూడా తాగల్యా. ఈ పొద్దే రైలెక్కు."

"నేను యాడికీ పోను."

"సచ్చిపోతావవ్వా! ఆ సావెట్లుంటాదో నీకు తెలీదు. మా మేనమామను మంచానికి కట్టేసినాం. గుక్కెడు నీళ్ళు చూపిస్తే ఊరంతా ఇనపడేటట్టు అరిసినాడు."

"దానికి పిచ్చి కాదప్పా, భయం. నువ్వు దాని పక్క చూడగాకు. చూస్తాంటే అది తాగదు."

"నీకెట్ల తెలుసు?"

"కొత్తగా కాపురానికొచ్చినప్పుడు మా అత్త ముందర నేనూ అంతే," అంది విశ్వాసమ్మ, చేటలో కొర్రలు చెరుగుతూ.

"మొండి ముసల్ది!" అని తిట్టుకుంటూ తిరిగొచ్చాడు శాంతయ్య. అయినా తొట్టిని కుక్క దగ్గరికి జరిపాడు. గేటు మూసి, బయట గోడకు చెవి ఆనించి కూర్చున్నాడు. ఎండ నడినెత్తికెక్కింది. తలకు చుట్టిన తువ్వాలు తడిసి, మళ్ళీ ఆరిపోయింది. అప్పుడు వినిపించింది, లోపల నాలుకతో నీళ్ళు జుర్రుతున్న చప్పుడు.

"స్తోత్రం తండ్రీ," అనుకున్నాడు శాంతయ్య. అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆనాటి నుంచి కుక్కవైపు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. చెయ్యి వెనక్కి చాచి, అరచేతిలో మెత్తటి సంగటి ముద్ద పెట్టుకునేవాడు. ఏడోనాడు అది రెండడుగులు వేసి ఆగింది. తొమ్మిదోనాడు దాని ఊపిరి వేళ్ళకు తగిలింది. పదోనాడు పొద్దున తడి నాలుక అరచేతిని నాకింది.

శాంతయ్య మెల్లగా తిరిగాడు. అది పారిపోలేదు. తల నిమిరి, గడ్డం కింద చెయ్యి పెట్టి, నురగేమైనా కడుతోందేమోనని బొటనవేలితో పెదవి పైకెత్తి నోట్లోకి చూశాడు.

చూసి, అట్లాగే ఉండిపోయాడు.

బయట బూట్ల చప్పుడైంది. "ఏమప్పా, బతికే ఉందా?" ఇన్‌స్పెక్టరు గొంతు.

"ఉండాది సారూ."

"అయితే ముసలామె గండం గడిచినట్టే. దాన్ని బయటికి తోలు. మా తుపాకీవాళ్ళు సోమవారం మైదుకూరు పోవాల, మళ్ళీ ఈ ఊరికి రారు. ఆ లోపల దీన్నీ ముగించేస్తే సరి."

శాంతయ్య గేటు చెక్కల సందులోంచి చూశాడు. ఇద్దరు తుపాకీలు సిద్ధం చేసుకుంటున్నారు. ఆ చప్పుడుకు కుక్క వచ్చి అతని కాళ్ళ నడుమ దూరింది.

"ఇంకా ఏం చేస్తాండావు? తోలమంటే!"

లోపల నుంచి "అమ్మా!" అని కేక వినిపించింది. గేటు కొంచెమే తెరుచుకుంది. శాంతయ్య కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. తువ్వాలు ఎర్రగా తడుస్తోంది.

"నన్ను కరిసింది సారూ."

ఇన్‌స్పెక్టరు మూడడుగులు వెనక్కి వేశాడు. "ఇన్నాళ్ళు గమ్మునుండి ఈ పొద్దు కరిచిందా? మూసెయ్ గేటు! మళ్ళీ పది దినాలు కట్టెయ్. చస్తే కూనూరుకు పోయేది ఈసారి నువ్వు!" తుపాకీవాళ్ళను వెంటబెట్టుకుని గబగబా వెళ్ళిపోయాడు.

గోడ పక్కన నిలబడి అంతా విన్న విశ్వాసమ్మ ముఖం పాలిపోయింది. వచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"నిజంగానా నాయనా? నిజంగా కరిసిందా?"

ఇన్‌స్పెక్టరు మలుపు తిరిగేదాకా చూసి, శాంతయ్య గొంతు తగ్గించాడు.

"నిన్ను కరిసినంత నిజం అవ్వా. దాని నోట్లో ఒక్క పన్ను గూడా లేదు."