గుండె పాఠం

నూజివీడు తోటల్లో కాయలు కోసే నాగేంద్రమ్మ గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోదు. కొట్టుకున్నప్పుడల్లా బుసకొడుతుంది. అది విని నేర్చుకోమని ఆస్పత్రిలో పెద్ద డాక్టరు విద్యార్థులను ఆమె మంచం దగ్గరికి పంపుతున్నాడు. పొద్దుటి నుంచి పదకొండు మంది విన్నారు. రాత్రి తొమ్మిదికి, వార్డులో లైట్లు తగ్గించాక, పన్నెండో విద్యార్థి, కీర్తిప్రియ అనే అమ్మాయి వచ్చింది.

స్టెతస్కోపు పెట్టి చాలాసేపు వింది.

"ఏమీ వినపడట్లేదండీ."

"ఎడమ పక్కన, ఇంకాస్త కిందకి పెట్టు తల్లీ. అందరికీ నేనే చెప్పాలా?"

"అక్కడే పెట్టానండీ. లేదు."

"కాయ ముదిరిందో లేదో చెట్టు కింద నుంచునే చెప్తాను నేను. చెవుల్లో గొట్టాలు పెట్టుకుని కూడా మీకిది తెలీదేంటి? ఇలా తే!"

నాగేంద్రమ్మ గొట్టాలు లాక్కుని తన చెవుల్లో పెట్టుకుంది. బిళ్ళను ముందు కీర్తిప్రియ గుండెకు ఆనించింది. దడదడమంటూ వినిపించింది. పరికరం బాగానే ఉంది. తర్వాత తన గుండెకు ఆనించుకుంది. బుస సంగతి సరే, కొట్టుకోవడం కూడా వినపడలేదు. చోటు మార్చింది. మళ్ళీ మార్చింది.

కీర్తిప్రియ అప్పటికే తన రికార్డు పుస్తకం మూస్తోంది.

"చప్పుడు లేదని రాసేశానండీ. ఇక పడుకోండి."

నాగేంద్రమ్మ ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఆ రాసింది కొట్టేయమ్మా. ఇంకోసారి విను."